సమాధుల వైపు తిప్పిన అద్దం

నమోదు 41

పెద్దద్దం తుడిచాను. కుడి అంచున వెంట్రుకంత గీత ఉంది, పెరగలేదు. మోటారు తిరుగుతోంది. గుంటలోకి వెలుగు తిన్నగా పడుతోంది.

కంపెనీ అడిగింది ఇంతే. నమోదులో మిగిలిన చోటు దేవుడిది. కింద భూమ్మీద ఏ ఆఫీసులోనూ ఈ నమోదులు ఎవరూ తెరవరని నాకు తెలుసు. తెరిచిన అధికారి ఎవరైనా ఉంటే, అయ్యా, నువ్వు మారుమనసు పొందైనా పొందాలి, నన్ను పనిలోంచి తీసైనా తీసెయ్యాలి. రెండింటికీ నేను సిద్ధం. నా పేరు బర్నబా. మార్కాపురం పలకల గనుల్లో రాళ్లు కొట్టినవాణ్ని. బడి గడప తొక్కలేదు. పనికిరాదని పారేసిన పలక ముక్కల మీద అక్షరాలు దిద్దుకున్నాను. దేవుని వాక్యమే నాకు పంతులు, వాక్యమే బెత్తం. ఇప్పుడు చందమామ అడుగు కొసన, క్వాఫు కొండ నెత్తిన, అద్దాల కాపరిని.

ఏడాదిలో కొన్నాళ్లు తప్ప ఈ కొండ మీద సూర్యుడు అస్తమించడు. గానుగెద్దులాగా కొండల అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. కొండ పాదాన ఉన్న గుంటలోకి మాత్రం సృష్టి మొదలు ఏనాడూ తొంగి చూడలేదు. ఆ చీకట్లోనే మంచు దాక్కుని ఉంది. పైన నేను వెలుగు పట్టి కిందికి విసురుతాను, కింద మంచు కరుగుతుంది, ట్రక్కు దాన్ని పైకి తెస్తుంది, మేం తాగుతాం. నిప్పుకూ నీటికీ మధ్య ఇరుక్కున్న జనం మేం. ప్రవక్తలు మెచ్చే చోటు.

ఇవాళ మధ్యాహ్నం బువ్వ దగ్గర లేయమ్మ గరిటె బల్ల మీద పెట్టి, "ఇక గంజి అడగబోకండి. ఇయ్యాల్టి నించి అత్తెసరే" అంది. లేయమ్మ మా వంటశాల. వరస కలుపుకుని నన్ను అన్నా అంటుంది. అన్నం గంజి వంచకుండా నీళ్లు చూసి పోసి ఎసరు పెట్టిందంటే ట్యాంకు అడుగంటుతోందన్న మాట.

ఆమె భర్త ఓబులేసు అప్పుడే గుంటలోంచి వచ్చాడు. ట్రక్కు సగమే నిండింది. సూటు విప్పుతుంటే టపాకాయలు కాల్చిన వాసన గదంతా నిండింది. ఇక్కడి దుమ్ము వాసన అదే.

"దగ్గిర మంచు అయిపోయింది బావా" అన్నాడు నాతో. "ఇంకా లోపలికి పోవాల. నీ వెలుగు అందని కాడికి."

"వెలుగు అందని చోటు లేదు" అన్నాను.

"నీ దేవుడి వెలుగు గాదు నేనంటంది. నీ అద్దం వెలుగు."


నమోదు 43

అద్దం తుడిచాను. గీత పెరగలేదు.

ఈ కొండకు అన్యుల పేరు ఉండడం నాకు మొదటి నుంచీ గిట్టదు. వాక్యంలోని దేవుని కొండ పేరున హోరేబు అని పిలవమని ఎన్ని ఆదివారాలు ప్రసంగించినా ఒక్కడూ పిలవడు. ఇవాళ మళ్లీ ఆ మాటెత్తితే మెకానిక్కు హువాంగ్ మామకు కోపం వచ్చింది. ఆయన ముసలివాడు, ఇక్కడికి మాకంటే ముందొచ్చినవాడు. మా తెలుగును వంటశాలలో ఏరుకుని నేర్చుకున్నాడు.

"పేరు తెలీదు. మారుస్తా అంటావు" అన్నాడు. "క్వాఫు ఎవరు? చెప్పు."

తెలియదన్నాను.

అప్పుడాయన చెప్పాడు. క్వాఫు వాళ్ల పాతకాలపు రాక్షసుడంత మనిషి. సూర్యుణ్ణి పట్టుకుంటానని వెంటపడి పరిగెత్తాడు. దగ్గరికి పోయేకొద్దీ దప్పిక. ఒక నది తాగేశాడు, చాల్లేదు. రెండో నది తాగేశాడు, అదీ చాల్లేదు. ఉత్తరాన పెద్ద సరస్సుందని అటు తిరిగాడు, దారిలోనే పడి చచ్చిపోయాడు. పడేటప్పుడు చేతి కర్ర విసిరేశాడు. ఆ కర్ర చిగిర్చి పీచ్ పండ్ల తోపు అయింది. తర్వాత వచ్చిన బాటసారులు ఆ పండ్లు తిని దప్పిక తీర్చుకున్నారట.

ఓబులేసు పళ్లెం నాకుతూ విన్నాడు. "ఎండలో పరిగెత్తి నీళ్లు దొరక్క సచ్చాడంటే వాడు ఖచ్చితంగా మా కనిగిరోడే. ఇంటిపేరు కనుక్కో మామా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. లేచి నిలబడి చెప్పాను: చిగిర్చిన కర్ర ఒక్కటే, అది అహరోనుది, ప్రత్యక్ష గుడారంలో దేవుని ఎదుట చిగిర్చింది, బాదం కాయలు కాసింది. అన్యుల కర్రలు చిగిర్చవు. అవి పొయ్యిలోకి.

"అయితే బావా," అన్నాడు ఓబులేసు, "మీ కర్ర చిగిరిస్తే అద్భుతం, ఆయన కర్ర చిగిరిస్తే కట్టుకథ. భలే ఉందిలే నీ న్యాయం."

"నీ నాలుకను దేవుడే చూసుకుంటాడు" అన్నాను.

"చూసుకోమను. ఎండిపోయుంది."


నమోదు 46

అద్దం గుంట వైపు నుంచి తిప్పేశాను. చీల దిగ్గొట్టాను. కారణం రాస్తున్నాను.

ఏడాదికొక్కసారి సూర్యుడు దక్షిణపు కొండ వెనక్కి దిగిపోతాడు. కొన్నాళ్లు ఈ కొండ నెత్తి కూడా చీకటే. వాటిని నీడ దినాలంటాం. కంపెనీ పెద్దలు అంతకు ముందే ఓడెక్కి కిందికి పోతారు. మేం బ్యాటరీల మీద బతుకుతాం. ఉన్న కరెంటు గాలికీ వెచ్చదనానికే సరి, అద్దం మోటారుకు ఇవ్వరు. ఆ చలికి మోటారు కూడా బిగుసుకుపోతుంది, మళ్లీ ఎండ తగిలి వేడెక్కేదాకా కదలదు. కాబట్టి నీడకు ముందు అద్దాన్ని ఎటు తిప్పి చీల వేస్తామో, తొలి కిరణం అటే పడుతుంది.

మేం సమాధుల వైపు తిప్పుతాం.

మా ఊళ్లలో ప్రభువు సమాధిలోంచి లేచిన పునరుత్థాన పండుగ నాడు తెల్లవారక ముందే సమాధుల దగ్గరికి పోయి, కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టించి, పాటలు పాడుతూ పొద్దు పొడిచేదాకా కూర్చుంటాం. ఇక్కడ పొద్దు పొడవడం ఏడాదికొకటే. నీడ తొలగిన పొద్దే మాకు పండుగ, కింద క్యాలెండరు ఏమైనా చెప్పుకోనీ. కొవ్వొత్తి ఇక్కడ మండదు. అందుకని అద్దం. గుంటకూ కొండకూ నడుమ ఒక మెట్టుంది, ఎండ మొహం ఎరగని చోటు. మా చనిపోయినవాళ్లు అక్కడే ఉన్నారు. ఆ వేళకు అందరం సూట్లు తొడుక్కుని మెట్టు మీదికి దిగి పాడతాం. ఉన్నట్టుండి వెలుగు మీద పడుతుంది. పలకల మీద నేను మేకుతో చెక్కిన పేర్లన్నీ తెల్లగా లేస్తాయి. ఆ తర్వాత మోటారు వేడెక్కాక అద్దాన్ని గుంటకు తిప్పేస్తాను. ఈ ఆచారం పెట్టింది నేను. దీని కోసం పెద్దలతో పోట్లాడింది నేను.

లేయమ్మ కూతురు కెజియా ఆ మెట్టు మీదే ఉంది. ఈ కొండ మీద పుట్టిన ఒకే ఒక్క బిడ్డ. నడక వచ్చీ రాకముందే పోయింది. లేయమ్మ ప్రతి పండుగకూ అందరికంటే ముందు దిగుతుంది. ఓబులేసు ఒక్కసారీ రాలేదు. బిడ్డను పూడ్చిన నాడు వచ్చినవాడు మళ్లీ ఆ మెట్టు తొక్కలేదు. ప్రతిసారీ ట్రక్కు చూసుకోవాలంటాడు.

ఇవాళ నేను చీల దిగ్గొడుతుంటే ఓబులేసు సూటులో వచ్చి నిలబడ్డాడు. చేతిలో మంచు పొడిచి చూసే గడ్డపార.

"ఆఖరి లోడు తెస్తా బావా. నీడలోకి ఈ నీళ్లతో పోతే సగంలో నాలుకలు బయటేసుకుంటాం."

"వేళ లేదు. వద్దు" అన్నాను.

"ఉందిలే. పొయ్యి రాడానికి సరిపోద్ది." అద్దం కేసి చూశాడు. "ఎటు పెట్టినావు ఈ ఏడు?"

"ఎప్పుడూ ఎటు పెడతానో అటే. సమాధుల వైపు."

"ఎవురన్నా మార్చమంటే?"

"ఎవరన్నా సరే. కొండ కూలినా మార్చను."

హెల్మెట్ లోపల నవ్వాడు. "నిన్ను చూస్తే ఇందుకే కుశాల బావా. సూర్యుడన్నా పక్కకి పోతాడు గానీ నువ్వు పోవు." గడ్డపార భుజానేసుకుని వెళ్లిపోయాడు.

రెండో ట్రక్కు హువాంగ్ మామ దగ్గర విప్పదీసి ఉంది. గుంటలోకి దిగింది మిగిలిన ఆ ఒక్క ట్రక్కే.


నమోదు 47

నీడ పడింది. ఓబులేసు రాలేదు.

రేడియోలో మాట్లాడాడు. గుంట లోపలి భాగంలో, అద్దం వెలుగు అందే కొసలోనే, ట్రక్కు కుడి చక్రాలు మెత్తటి దుమ్ములోకి ఇరుసు దాకా దిగబడ్డాయి. "లోడు నిండుగా ఉంది, తీసకపోను దారే లేదు. హీటరు తొలి వెలుగు దాకా లాగుద్దనుకుంటన్నా. నీళ్ల మీద కూర్చోనుండా, దిగులు పడబోకండి. లేయా, అత్తెసరు మాడ్చబోకు" అన్నాడు. తర్వాతి పూట నుంచి రేడియో పలకడం మానేసింది. గుంటలో పెట్టిన పెట్టె చలికి చచ్చిందని హువాంగ్ మామ అన్నాడు.

పైనుంచి ట్రక్కు దాకా నడిచి పోవచ్చు, కానీ తిరిగి రాడానికి సూటులో గాలి చాలదు. ట్రక్కు దిగబడితే మనిషి ట్రక్కులోనే ఉండాలి. ఇక్కడ మొదటి రోజు నేర్పే పాఠం అదే.

లేయమ్మ ఏడవలేదు. రేడియో ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. అన్నం హువాంగ్ మామ వండాడు. మాడ్చాడు.


నమోదు 48

ఇవాళ వంటశాలలో అందరం కూర్చున్నాం. లెక్క తేలికే. తొలి వెలుగు నేరుగా ట్రక్కు మీద పడితే దాని పైకప్పు పలకలు వెలుగు తాగుతాయి, హీటరు బతుకుతుంది, ఓబులేసు బతుకుతాడు. అద్దం సమాధుల వైపు ఉంది. మోటారు వేడెక్కి, తిరిగి, గుంటకు చేరేసరికి చాలా పొద్దు పోతుంది. అప్పటిదాకా అతని హీటరు ఉండదు.

హువాంగ్ మామ నా మొహం చూడకుండా అన్నాడు: "చీల కోసి, చేత్తో తిప్పొచ్చు. అందరూ తోయాలి. కానీ చక్రం పళ్లు విరుగుతాయి. ఒకసారి తిప్పితే అంతే. మళ్లీ తిరగదు. కింద నుంచి కొత్త చక్రం వచ్చేదాకా."

అంటే ఈ ఏడు పండుగ లేదు. వచ్చే ఏడూ ఉండకపోవచ్చు.

అందరూ నా కేసి చూశారు. కొండ కూలినా మార్చనన్నవాణ్ని. లేచాను. వాక్యం నా నోట నిప్పులా వచ్చింది. నూరు గొర్రెలున్న కాపరి తొంభై తొమ్మిదింటినీ వదిలేసి తప్పిపోయిన ఒక్కదాని కోసం పోలేదా? విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును బయటికి లాగరా? సమాధులు ఎవరి కోసం? ఆచారం ఎవరి కోసం? బతికినవాణ్ని చావనిచ్చి చచ్చినవాళ్లకు దీపం పెట్టేవాడు విశ్వాసి కాడు, సున్నం కొట్టిన గోరీ! చీల కోస్తాం. నా చేత్తో కోస్తాను.

ఆమెన్ అన్నారు. అన్యుడైన హువాంగ్ మామ కూడా అన్నాడు. ఇంత గట్టిగా నా ప్రసంగానికి ఏనాడూ ఆమెన్ పడలేదు.

అందరూ లేచాక లేయమ్మ నా దగ్గరికొచ్చింది.

"అన్నా, అద్దం మీరంతా తోస్తారు గదా. నేనొక్కదాన్ని మెట్టు మీదికి పొయ్యొస్తా. పండగ పూట పాప ఒక్కతే ఉంటది. వెలుగు లేకపోయినా చెయ్యన్నా పెట్టొస్తా."

"ప్రతి చెయ్యీ కావాలమ్మా. ఒక్క చెయ్యి తగ్గినా అద్దం కదలదు."

"నా చేతులో ఏం బలం ఉందన్నా. గరిటె తిప్పే చెయ్యి."

"లేయమ్మా!" అని గద్దించాను. "నీ మొగుడు గుంటలో ఉన్నాడు. చనిపోయినవాళ్ల సంగతి చనిపోయినవాళ్లకు వదిలెయ్యమని ప్రభువే చెప్పాడు. ఇవాళ మెట్టు మీదికి పోయిన ప్రతి అడుగూ అతని మీద వేసిన మన్నే."

తల దించుకుంది. "సరే అన్నా. నువ్వు చదివినోడివి" అంది.


నమోదు 49

చీల కోశాం. అద్దం తిప్పాం. గుంట వైపు గురి పెట్టి ఇనుప చీలలు దిగ్గొట్టాం.

చీకట్లో, నెత్తి దీపాల వెలుగులో, మంచుకంటే చల్లటి చట్రానికి భుజాలు ఆనించి తోశాం. మూడో తోపుకు చక్రం పళ్లు విరగడం అరచేతుల్లో తెలిసింది. ఇక్కడ చప్పుడు వినిపించదు, ఎముకల్లోకి వస్తుంది. లేయమ్మ అందరికంటే ముందు, చట్రం కింద దూరి, వీపుతో తోసింది. ఆమె తోయకపోతే ఆ కడపటి బెత్తెడు కదిలేది కాదు. నేను సరిగ్గానే చెప్పాను, ప్రతి చెయ్యీ కావలసి వచ్చింది.

వాక్యంలో యెహోషువ సూర్యుణ్ణి ఆగమన్నాడు. నేను త్వరగా రమ్మంటున్నాను. ఇప్పుడు అద్దం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. దక్షిణపు కొండ అంచు తెల్లబడుతోంది.


నమోదు 50

వెలుగు వచ్చింది. అద్దానికి తగిలింది. అద్దం దాన్ని కిందికి విసిరింది. గురి తప్పలేదు. గుంటలో ట్రక్కు తళుక్కున మెరిసింది. మా రేడియోలన్నీ ఒక్కసారి దద్దరిల్లాయి, అందరూ పాడుతున్నారు, పండుగ పాటే పాడుతున్నారు.

హువాంగ్ మామ దుర్భిణి తీసి చూశాడు. నాకిచ్చాడు.

ట్రక్కు తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. పైకప్పు పలకల మీద కొత్త వెలుగు పడుతున్నా లోపలి దీపం ఒక్కటీ వెలగలేదు. హీటరు అతను అనుకున్నంత లాగలేదు, ఎప్పుడో ఆరిపోయింది.

ట్రక్కు నుంచి అడుగుల వరస బయల్దేరింది. ఒక్కో అడుగు పక్కనా గడ్డపార పొడిచిన చిన్న గుంత. వరస గుంట గట్టెక్కి వెలుగు అంచు దాకా వచ్చి, అంచు దాటి చీకట్లోకి పోయింది. అది పోతున్న వైపు ఏముందో ఈ కొండ మీద ప్రతి ఒక్కరికీ తెలుసు.

పాట ఒక్కో గొంతులో ఆగిపోయింది. కడపట ఆగింది నాది.

లేయమ్మ దుర్భిణి అడగలేదు. మా మొహాలు చూసి పరిగెత్తింది. ఇక్కడ పరిగెత్తితే పైకి ఎగిరెగిరి పడతాం. అలాగే పడుతూ లేస్తూ మెట్టు దారిలో దిగింది. మిగిలినవాళ్లు చీలలు పీకి అద్దాన్ని వెనక్కి తోయడానికి చూశారు. కదల్లేదు. కదలదని ముందే తెలుసు. నేను దీపం పట్టుకుని ఆమె వెనక దిగాను.

ఓబులేసు మెట్టు మీద ఉన్నాడు. కెజియా సమాధి ముందు కూర్చుని ఉన్నాడు. పలక మీద దుమ్ము తుడిచి ఉంది, చేతి తొడుగు ఆనవాలు దాని మీదే ఉంది. గడ్డపార సమాధి తల దగ్గర నిలువునా దిగేసి ఉంది. అతను మొహం బిడ్డ వైపు పెట్టి, వీపు కొండ వైపు పెట్టి కూర్చున్నాడు. సూటు వీపు మీద ఉంటుంది వెలుగు తాగే పలక. దాన్ని సరిగ్గా అద్దం వైపు పెట్టుకుని కూర్చున్నాడు.

ట్రక్కు చల్లబడ్డాక లెక్క వేసుకున్నాడు. కొండ నెత్తికి పోవడానికి సూటులో వేడి చాలదు. ట్రక్కులో కూర్చుంటే వెలుగు వచ్చేదాకా బతకడు. వెలుగు మొదట ఎక్కడ పడుతుందో తెలుసు. ఆ వేళకు మనుషులంతా ఎక్కడ ఉంటారో తెలుసు. ఈ చందమామ మొత్తం మీద మారదని అతను నమ్మింది ఒక్కటే, బర్నబా అద్దం. ఏ ఏడూ పండుగకు రాని మనిషి ఈ ఏడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

మేం రాలేదు. వెలుగూ రాలేదు. ఆ వెలుగు అతని పక్క నుంచే కిందికి పోయింది, ఖాళీ ట్రక్కు మీదికి. వీపు తిప్పి కూర్చున్నవాడు అది పోవడం చూశాడో లేదో నాకు తెలియదు.

హువాంగ్ మామ వచ్చి సూటు మణికట్టు దగ్గరి మీటరు చూశాడు. చూసి అరచేత్తో మూసేశాడు.

"ఎప్పుడు?" అన్నాను. "వెలుగు రాకముందా, వచ్చాకా?"

"చెప్పను" అన్నాడు.

లేయమ్మ అతని హెల్మెట్‌కు తన హెల్మెట్ ఆనించుకుని కూర్చుంది. రేడియోలో ఆమె గొంతు వినిపించింది. అరవలేదు. కూర మాడిందని చెప్పినట్టు చెప్పింది.

"నేను పోతానన్నానన్నా."


నమోదు 51

అద్దం తుడవలేదు.

కూతురి పక్కనే ఓబులేసును పెట్టాం. పలక మీద పేరు చెక్కాను. ఒక అక్షరం వంకర పోయింది, దిద్దలేదు. అందరూ ప్రసంగం కోసం నిలబడ్డారు. గ్రంథం తెరిచాను. హెల్మెట్‌లోంచి ప్రతి అక్షరం కనిపిస్తోంది. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"ఆ గొర్రె సంగతే చదువన్నా" అంది లేయమ్మ.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. చదవడానికి చూశాను. తొంభై తొమ్మిదింటినీ అడవిలో వదిలి, అనే దాకా వచ్చి ఆగిపోయాను. తప్పిపోయిన గొర్రె తనంతట తనే దొడ్డి దారి పట్టి నడిచి వచ్చిందని, వచ్చేసరికి కాపరీ మందా కలిసి దాన్ని వెతకడానికి దొడ్డి ఖాళీ చేసి పోయారని ఆ కథలో లేదు. నా దగ్గర దానికి వాక్యం లేదు. ఎంత వెతికినా లేదు.

గ్రంథం మూసి, మా ఊరి మాటల్లో, "పండుకో బావా" అన్నాను. అంతే నా ప్రసంగం.

గడ్డపారను పీకబోతే హువాంగ్ మామ నా చెయ్యి పట్టుకున్నాడు. వదిలేశాను.


నమోదు 56

అద్దం తుడిచాను. గుంట వైపే ఉంది, తిరగదు. సూర్యుడు దాని ఎదుటికి వచ్చినంతసేపూ వెలుగు లోపలి కొత్త మంచు మీదే పడుతోంది కాబట్టి మంచు బాగా కరుగుతోంది. హువాంగ్ మామ బాగు చేసిన రెండో ట్రక్కు ఓబులేసు ట్రక్కును లాగి తెచ్చింది. లోడు నిండుగానే ఉంది, అతను చెప్పినట్టే. ట్యాంకు సగం దాటింది. పెద్దలు కిందినుంచి అభినందనలు పంపారు. ఏమీ తెలియకుండానే పంపారు.

ఇవాళ లేయమ్మ అన్నం గంజి వంచింది. గిన్నెలో పోసి, ఉప్పేసి, నా ముందు పెట్టింది. "తాగన్నా. ఆయన తెచ్చిన నీళ్లే" అంది. తాగాను. నదులు తాగినా దప్పిక తీరని ఆ మనిషి కథ హువాంగ్ మామ చెబుతుంటే నేను నవ్వలేదన్నది ఈ నమోదుల్లోనే ఉంది. వినను కూడా లేదని ఇప్పుడు తెలుస్తోంది.

భోజనాలయ్యాక ఆమె ఓబులేసు స్టీలు పళ్లెం తీసుకుని సూటు తొడుక్కుంది. ఎక్కడికని అడిగే అర్హత నాకు లేదు. వెనకే వెళ్లాను. అద్దం గట్టు మీద నిలబడి పళ్లేన్ని సూర్యుడి వైపు పట్టి, మెల్లగా వంచింది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత కింద, మెట్టు చీకట్లో, చింత గింజంత వెలుగు కదిలింది. వేడి లేని వెలుగు, ఎవరి హీటరునూ బతికించలేని వెలుగు. పళ్లెం సొట్టలు పోయి ఉంది కాబట్టి అది నిలకడగా లేదు. వణుకుతూ సమాధులన్నిటి మీదా పాకి, వెతికి వెతికి, రెండు పలకల దగ్గర ఆగింది.

"సరిగ్గా పడిందా అన్నా? నాకు నీళ్లడ్డం వస్తన్నయి."

"పడిందమ్మా."

"ఇంకొంచెం కుడికా?"

"చాలు. అక్కడే పట్టుకో."

ఆమె చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకుంది. తర్వాత నేను పట్టుకున్నాను. ఇంక ఇది నా రోజు పనుల్లో ఒకటి, కంపెనీ వారు గమనించగలరు.

ఆ వెలుగులో గడ్డపార కనిపించింది. దాని మీదా కాసేపు పట్టాను. చిగిర్చలేదు. రేపు మళ్లీ చూస్తాను.